బయోస్ఫియర్ 2: మట్టి కోసం వెళ్ళి చూడాల్సిన గాజుమేడ

ఆరిజోనాలో ఫీనిక్స్, చాండ్లర్ వైపు ఉండే మనవాళ్ళు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే గ్రాండ్ కాన్యన్, సెడోనా, మారికోపాలో మహాగణపతి గుడి చూపిస్తారు. ఒరాకిల్ అనే ఊరి దగ్గరున్న బయోస్ఫియర్ 2 ఆ లిస్టులో చివర ఉంటుంది, చాలా ఇళ్ళలో అసలే ఉండదు. నన్నడిగితే దాన్ని పైకి తెమ్మంటాను. ముఖ్యంగా వ్యవసాయం తెలిసిన పెద్దవాళ్ళను తప్పకుండా తీసుకెళ్ళండి.

నేను అనంతపురంలో భూసార పరీక్ష ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. రైతులు సంచుల్లో తెచ్చిన మట్టిని ఆరబెట్టి, జల్లించి, పీహెచ్ చూసి, యాసిడ్ చుక్క వేసి పొంగుతుందో లేదో చూడటం నా పని. అందుకే ఈ రివ్యూ మట్టి వైపు నుంచే ఉంటుంది. లోపల ఒక చిన్న సముద్రం ఉంది, వర్షారణ్యం ఉంది, పిల్లలకు అవే నచ్చుతాయి. వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఎక్కువ రాయను.

ముందుగా తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. టూసాన్‌కి ఉత్తరాన, దాదాపు 1,200 మీటర్ల ఎత్తున, 3 ఎకరాలకు కాస్త పైగా స్థలాన్ని గాజుతో, ఉక్కుతో మూసేసి కట్టిన భవనం ఇది. 1991 సెప్టెంబర్ 26న ఎనిమిది మంది లోపలికి వెళ్ళి తలుపులు వేసుకున్నారు. రెండేళ్ళు బయటి గాలి, బయటి తిండి లేకుండా బతకాలన్నది ప్రయోగం. తర్వాత కొన్నేళ్ళు కొలంబియా యూనివర్సిటీ నడిపింది. 2007 నుంచి యూనివర్సిటీ ఆఫ్ ఆరిజోనా చేతుల్లో ఉంది. ఇప్పుడు లోపల ఎవరూ నివసించరు, పరిశోధనలు మాత్రం జరుగుతూనే ఉంటాయి. మనం తిరిగేది టూరిస్టు స్పాట్‌లో కాదు, పని జరుగుతున్న ల్యాబ్‌లో. ఆ తేడా అడుగడుగునా తెలుస్తుంది. వైర్లు, పైపులు, గొట్టాలు ఏదీ దాచలేదు.

మొదటిసారి మేము ఒక ప్రైవేట్ టూర్ వాళ్ళ వ్యాన్‌లో వెళ్ళాం. ఆ అనుభవం బాగాలేదు. ఒకే రోజులో మూడు చోట్లు చూపిస్తామని ఒప్పుకుని, ఇక్కడ లోపల నిలబడనివ్వలేదు. "సముద్రం చూశారు కదా, ఫొటోలు అయ్యాయి కదా, పదండి" అని తొందరపెట్టారు. నేను చూడాలనుకున్న రాతిపొడి వాలుల (వాటి గురించి కింద రాస్తాను) దగ్గరకు వెళ్ళేసరికి టైమ్ అయిపోయిందన్నారు. కోడలికి చెప్తే, "అత్తయ్యా, మనమే కారులో పోదాం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ ఇష్టం వచ్చినంతసేపు నిలబడండి" అంది. అలాగే వెళ్ళాం. మీరూ సొంతంగానే వెళ్ళండి. ఈ చోటు హడావుడిగా చూసేది కాదు.

ఇక అసలు విషయం. ఆ ఎనిమిది మంది వరి, చిలగడదుంపలు పండించుకున్న వ్యవసాయ విభాగం ఉండేది. వాళ్ళ కథలో ఎక్కువమందికి గుర్తుండేది ఆకలి, గొడవలు. నాకు మాత్రం వాళ్ళు వేసుకున్న మట్టి ముఖ్యం. పంట బాగా రావాలని సేంద్రియ పదార్థం దండిగా ఉన్న మట్టిని లోపలికి తెచ్చారు. ఎరువు బాగా పడిన నేలలో సూక్ష్మజీవులు ఊరుకోవు. అవి ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. బయట పొలంలో అయితే గాలి దాన్ని తీసుకుపోతుంది, మనకు తెలియదు కూడా. మూసిన గాజుమేడలో తెలిసిపోయింది. 20.9 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ దాదాపు పదహారు నెలల్లో 14.5 శాతానికి దిగింది. మనుషులకు నిద్ర పట్టక, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చే పరిస్థితి. చివరికి 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ పంపాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. ఆక్సిజన్ ఆరు శాతానికి పైగా తగ్గిందంటే, దాని బదులు కార్బన్ డయాక్సైడ్ కూడా ఇంచుమించు అంతే పెరగాలి. ఆరు శాతం అంటే 60,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 60,000). అంత ఉంటే లోపల మనిషి బతకడం కష్టం. కానీ కొలిస్తే చలికాలంలో కూడా కొన్ని వేల పీపీఎం దగ్గరే ఆగింది. మిగిలింది ఎక్కడికి పోయింది? మొక్కలు తీసుకుని ఉంటే అవి ఆక్సిజన్ తిరిగి ఇచ్చేవి, కాబట్టి మొక్కలు కాదు. ఈ చిక్కు విప్పినవాళ్ళు కొలంబియా యూనివర్సిటీ లామాంట్ కేంద్రంలోని జెఫ్ సెవెరింగ్‌హాస్, వాలస్ బ్రోకర్, వాళ్ళతో కలిసి పనిచేసినవాళ్ళు. 1994లో ప్రచురించారు. జవాబు గోడల్లో ఉంది. కాంక్రీటులో ఉండే కాల్షియం హైడ్రాక్సైడ్ ఆ వాయువును పట్టుకుని కాల్షియం కార్బొనేట్‌గా మారింది. పాతకాలం ఇళ్ళకు కొట్టిన వెల్ల గాలి తగిలి గోడ మీద గట్టిపడేది ఈ రసాయన చర్యతోనే. బళ్ళో గొట్టంతో ఊదితే సున్నపు తేట పాలలా తెల్లబడేదీ ఇదే.

ప్రాణం లేని గోడ కార్బన్ డయాక్సైడ్ తాగేయగలదని అంత పెద్ద ఎత్తున కళ్ళముందు జరిగిన ఉదాహరణ నాకు ఇంకొకటి తెలియదు. టూర్‌లో కాంక్రీటు గోడ పక్కనుంచి నడుస్తారు. అక్కడ ఆగి ఒకసారి చెయ్యి వేసి చూడండి. చూడ్డానికి ఏమీ ఉండదు, మామూలు గోడే. కానీ ఆ ఎనిమిది మంది పీల్చాల్సిన ఆక్సిజన్‌లో కొంత ఆ గోడలోనే కార్బొనేట్‌గా ఉండిపోయింది.

ఆ వ్యవసాయ విభాగం ఉన్న చోటే ఇప్పుడు మూడు పెద్ద వాలులు కట్టారు. ల్యాండ్‌స్కేప్ ఎవల్యూషన్ అబ్జర్వేటరీ అంటారు, పొట్టిగా లియో. నా దృష్టిలో టికెట్ డబ్బులు దీనికే చెల్లు. ఒక్కో వాలు 30 మీటర్ల పొడవు, 11 మీటర్ల వెడల్పు, మీటరు లోతు. మూడూ ఒకే తీరుగా ఉంటాయి. వాటిలో నింపింది పొడి చేసిన బసాల్ట్, అంటే ఆరిజోనా ఉత్తరాన అగ్నిపర్వతం చిమ్మిన నల్లరాయి. ఎరువు లేదు, వేరు లేదు. మొదలుపెట్టినప్పుడు అది మట్టి కూడా కాదు, ఉత్త రాతిపొడి. పైనుంచి గొట్టాలతో వాన కురిపిస్తారు. వాలు మొత్తం బరువు తూచే ఏర్పాటు కింద ఉంది, ఎంత నీళ్ళు పీల్చిందో ఎంత కారిందో దాన్ని బట్టి తెలుస్తుంది. లోపల వేర్వేరు లోతుల్లో సెన్సార్లు, నీళ్ళు, గాలి లాగి తీసే గొట్టాలు ఉన్నాయి. ల్యాబ్‌లో గుప్పెడు మట్టితో జీవితం గడిపినదాన్ని. ఒక కొండవాలును మొత్తంగా త్రాసులో పెట్టి చూడటం అనేది నేను ఊహించని పని.

దీనితో వాళ్ళు కనుక్కున్నది ఏమిటంటే, వాన కురిసి రాతిపొడి తడిసినప్పుడు దాని సందుల్లో ఉన్న గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. పైన గాలిలో ఉన్నదానికంటే కూడా తగ్గిపోతుంది. ఇది మామూలు పొలానికి పూర్తిగా ఎదురు. పొలంలో వేర్లు, సూక్ష్మజీవులు వదిలిన వాయువుతో మట్టి లోపలి గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటికంటే పది రెట్లు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. ఇక్కడ నీళ్ళలో కరిగిన వాయువు కార్బానిక్ ఆమ్లమై, బసాల్ట్‌లోని కాల్షియం, మెగ్నీషియంను కరిగించి, బైకార్బొనేట్‌గా నీళ్ళతో కిందికి పోతుంది. ఖాళీ అయిన చోటుకు పైనుంచి గాలి దిగాలి. అది ఎంత త్వరగా దిగగలిగితే రాయి అంత త్వరగా అరుగుతుంది. ఈ ఫలితాలు 2017లో వచ్చాయి.

ఒకే నేలమాళిగ మీద ముందు వేసిన మట్టి విడిచిపెట్టింది, తర్వాత వేసిన రాయి పీల్చుకుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించడానికి ఈ హాలు కంటే మంచి చోటు లేదు. మేము వెళ్ళినప్పుడు వాలుల పైనుండే నడవలో ఒక గైడు నిలబడి ఉన్నారు. వయసులో పెద్దావిడ, ఓపిక చాలా ఉంది. పీహెచ్ ఎంతుంటుంది, కారిన నీళ్ళలో కాల్షియం ఎలా చూస్తారు అని నేను మా అబ్బాయి చేత అడిగించాను. తెలిసినంత చెప్పి, తెలియనిదానికి లోపలి ఒక విద్యార్థిని పిలుచుకొచ్చారు. అంత మర్యాదగా సమాధానం చెప్పే చోట్లు తక్కువ. ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి, సిగ్గుపడకండి.

గాజుమేడలో ఒక ఎడారి విభాగం కూడా ఉంది. మెక్సికో బాహా కాలిఫోర్నియా తీరంలోని పొగమంచు పట్టే ఎడారిని పోలి కట్టారు. గాజుకు పట్టిన తేమ కారి అది మొదటి ఏళ్ళలోనే అనుకున్నదానికంటే తడిగా, పొదలు ఎక్కువగా తయారైంది. జనం దీన్ని చూసి చూడనట్టు దాటిపోతారు. నాకు ఆ చోట బయటి ఎడారి గుర్తొచ్చింది. గాజు అవతల కనిపించే సొనోరన్ ఎడారి నేల ఈ రెండు పనులూ చేస్తుంది, కొన్ని పూటలు విడుస్తుంది, కొన్ని పూటలు పీలుస్తుంది.

ఎండిన ఎడారి నేలలో సూక్ష్మజీవులు చావవు, ముడుచుకుని ఉంటాయి. తొలకరి పడగానే ఒక్కసారిగా లేచి, పేరుకున్న తిండి తిని, గంటల్లోనే బోలెడు కార్బన్ డయాక్సైడ్ విడుస్తాయి. దీన్ని 1958లో తూర్పు ఆఫ్రికా నేలల్లో బర్చ్ అనే శాస్త్రవేత్త వివరంగా చూపించారు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఏడాదిలో విడిచేదాంట్లో పెద్ద భాగం ఇలా కొద్ది వానల్లోనే అయిపోతుంది. జూన్ వానకు అనంతపురం చెల్కల్లో జరిగేదీ ఇదే. మనకు ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే టూసాన్‌లో 300 కూడా పడదు, అందుకని అక్కడ ఒక్కో వాన విలువ ఇంకా ఎక్కువ.

పీల్చుకునేది రాత్రిళ్ళు. క్షార గుణం ఉన్న నేలలో, పీహెచ్ 8 దాటిన చోట, రాత్రి చల్లబడ్డప్పుడు మట్టిలోని కాస్త తేమ కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువ కరిగించుకుంటుంది. లోపలి గాలి కుదించుకుని పైగాలిని లాగుతుంది. తెల్లారి వేడెక్కగానే చాలావరకు తిరిగి వదిలేస్తుంది. మొక్కే లేని అంటార్కిటికా పొడి లోయల్లో కూడా చల్లబడ్డప్పుడు లోపలికి, వేడెక్కినప్పుడు బయటికి పోవడం కొలిచారు. ఇది బాగా అర్థం కావాలంటే టూర్ చివర వచ్చే "ఊపిరితిత్తి" చూడండి. పెద్ద గుండ్రటి గది, పైన రబ్బరు పొరకు వేలాడే అల్యూమినియం పళ్ళెం. పగలు గాజుమేడ గాలి వ్యాకోచించి గాజు పగలకుండా ఈ పళ్ళెం పైకి లేచేది, రాత్రి కిందికి దిగేది. నేల సందుల్లోని గాలికీ ఆ పెరగడం తరగడం ఉంటుంది. మా మనవడు సొరంగంలోంచి ఆ గదిలోకి పోయి అరిచి, ప్రతిధ్వనికి గంతులేశాడు. వాడికి అదే నచ్చింది.

ఈ పీల్చే గుణం చూసి కొందరు ఎడారులే ప్రపంచాన్ని కాపాడతాయని రాశారు. అది నమ్మకండి. 2008లో నెవాడాలోని మొహావే ఎడారిలో కొలిచినవాళ్ళు చదరపు మీటరుకు ఏడాదికి 100 గ్రాముల కార్బన్ లోపలికి పోతోందన్నారు. చైనా షింజియాంగ్‌లో గుర్బాన్‌తుంగుత్ ఎడారి క్షార నేలల నుంచీ అలాంటి అంకెలే వచ్చాయి. అడవులకు సరితూగే అంకె అది. విలియం ష్లెసింగర్ అనే నేలల శాస్త్రవేత్త గట్టిగా అడ్డు చెప్పారు. అంత కార్బన్ ఏటేటా చేరితే అది మొక్కల్లోనో మట్టిలోనో కనపడాలి కదా, ఎక్కడ ఉంది అన్నది ఆయన ప్రశ్న. ఆ ఎడారి నేలల్లో సున్నం, అంటే కాల్షియం కార్బొనేట్, పేరుకునే వేగం లెక్కగడితే చదరపు మీటరుకు ఏడాదికి ఒక గ్రాము కార్బన్ కూడా రాదు. నేను ఆయన పక్షమే. లోపలికి పోయిందంటే సరిపోదు, తవ్వి చూపించాలి. అలా తవ్వి చూపించిన ప్రయోగం ఒకటి ఉంది. నెవాడాలోనే 1997 నుంచి 2007 దాకా పదేళ్ళు కొన్ని మడులకు ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ ఊది, చివర్లో మీటరు లోతు తవ్వి తూచారు. ఎక్కువ ఊదిన మడుల్లో కార్బన్ కొంత ఎక్కువే దొరికింది. 2014లో ప్రచురించిన ఆ ఫలితం నాకు నమ్మకంగా అనిపిస్తుంది, ఎందుకంటే అది గాలిని కాక మట్టిని చూసి చెప్పిన మాట.

సున్నం సంగతి ఇంట్లోనే చూడొచ్చు. చాండ్లర్‌లో మా అబ్బాయి పెరట్లో నిమ్మమొక్కకు గుంత తవ్వుతుంటే అడుగు లోతులో గునపం ఖంగుమంది. తెల్లటి గట్టి పొర. ఇక్కడివాళ్ళు కలీచీ అంటారు, ఇల్లు కట్టేవాళ్ళకు, తోటపని చేసేవాళ్ళకు పెద్ద తలనొప్పి. ఒక పెళ్ళ తీసి కడిగి, పళ్ళెంలో పెట్టి, వంటింటి వెనిగర్ చెంచాడు పోశాను. ముందు రెండు మూడు చోట్ల సన్న బుడగలు లేచాయి. తర్వాత పెళ్ళ మీదున్న ప్రతి పగులులోంచీ నురగ వచ్చింది, చెవి దగ్గర పెడితే చిటపట వినపడింది. మా ల్యాబ్‌లో తాడిపత్రి వైపు నల్లమట్టి కింద దొరికే సున్నపు గులకల మీద యాసిడ్ వేస్తే ఒక్క క్షణంలో బుస్సున పొంగేది, వెనిగర్‌తో ఇది నిదానంగా జరుగుతుంది కాబట్టి పిల్లలకు చూపించడానికి ఇదే మేలు. "జేజీ, రాయి ఊపిరి వదులుతోంది" అన్నాడు మనవడు. వేల ఏళ్ళ క్రితం పట్టుకున్న కార్బన్ డయాక్సైడే అది.

అయితే ఆ పెళ్ళలో కార్బన్ ఉంది కదా అని ఎడారి దాన్ని మన కోసం గాలిలోంచి తీసి దాచిందని అనేయకూడదు. దాని కాల్షియం ఎక్కడిదో చూడాలి. అది పాత సున్నపురాయి దుమ్ములోంచి వచ్చిందైతే, కరిగినప్పుడు పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్ మళ్ళీ గట్టిపడేటప్పుడు బయటికి పోతుంది, లెక్క సున్నా. అమెరికా నైరుతి ఎడారుల కలీచీలో చాలాభాగం అలాంటి దుమ్ము, వాన తెచ్చిన కాల్షియమే. కాల్షియం బసాల్ట్ లాంటి రాయిలోంచి కరిగి వస్తేనే అసలైన ఆదాయం. లియో వాలుల్లో బసాల్టే ఎందుకు నింపారో ఇక్కడ అర్థమవుతుంది. మన ఆదిలాబాద్, వికారాబాద్ వైపు నేల కింద ఉన్న దక్కన్ రాయి కూడా బసాల్టే. ఛత్తీస్‌గఢ్ వరి రైతుల పొలాల్లో ఇలాంటి రాతిపొడి చల్లే పని చేస్తున్న మటి కార్బన్ అనే సంస్థకు 2025లో ఎక్స్‌ప్రైజ్ అనే పోటీలో 5 కోట్ల డాలర్ల బహుమతి వచ్చింది. పొడి చల్లితే నిజంగా ఎంత పీలుస్తుంది అని అడిగే రైతుకు జవాబు చెప్పాలంటే, ఇక్కడి వాలులను తూచినంత జాగ్రత్తగా తూచాలి.

ఒక అంకె చెప్పి ఈ భాగం వదిలేస్తాను. ప్రపంచంలోని నేలల్లో, పై రెండు మీటర్లలో, ఇలా సున్నం రూపంలో ఉన్న కార్బన్ దాదాపు 2,300 బిలియన్ టన్నులని 2024లో లెక్క వేశారు. ఎక్కువభాగం పొడి నేలల్లోనే ఉంది. ఎడారి కొత్తగా ఎంత పీలుస్తుందన్న దానికంటే, ఉన్నదాన్ని కదిలించకుండా ఉంచడం నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. దండిగా యూరియా, డీఏపీ వేసి నేలను ఆమ్లం వైపు నెడితే ఆ సున్నం నిదానంగా కరిగి వాయువై పోతుంది. మన రైతుకు ఇది ఎవరో ఒకరు చెప్పాలి.

వెళ్ళేవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు మొత్తం టూర్ కష్టం. ముందే ఫోన్ చేసి మెట్లు లేని దారి ఎక్కడివరకు ఉందో కనుక్కోండి. వర్షారణ్యంలో ఉక్కపోత ఉంటుంది, పట్టుచీర కట్టుకుని రావద్దు, నూలు చాలు. బయట తిరగాలంటే నవంబర్ నుంచి మార్చి వరకు హాయి. మట్టి మీద ఆసక్తి ఉంటే మాత్రం ఆగస్టులో, రాత్రి వాన పడిన మర్నాడు పొద్దున్నే రండి. భవనం బయట పొదల మధ్య నేల మీద నల్లటి గరుకు పొర కనిపిస్తుంది. సయనోబాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి అల్లిన పొర అది. ఎండలో చచ్చినట్టుండి తడవగానే పచ్చబడి కిరణజన్య సంయోగక్రియ మొదలుపెడుతుంది. దాని మీద కాలు పెట్టకండి, ఒక్క అడుగుకు విరిగింది మళ్ళీ అతుక్కోవడానికి ఏళ్ళు పడుతుంది. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, దారి దిగకుండా చూసుకోండి.

తిండికి మేము పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళి కారు దగ్గర నీడ చూసుకుని తిన్నాం. నీళ్ళు ఎక్కువ తీసుకెళ్ళండి. టైమ్ తక్కువ ఉంటే సముద్రం, వర్షారణ్యం త్వరగా చూసేసి ఆ మిగిల్చిన సమయం లియో దగ్గర గడపండి. పైనుంచి వాన వదిలే రోజు ఎప్పుడో కౌంటర్‌లో అడిగి, వీలైతే ఆ రోజే వెళ్ళండి.